గుంజ కింద గాలి

ఆయన పోయాడన్న కబురు మా షాపుకు వచ్చేసరికి పొద్దుటి పని మంచి ఊపులో ఉంది. ఎవరో ఫోను పట్టుకుని వచ్చి ఒకరి చెవిలో చెప్పారు. ఆ చెవి నుంచి ఇంకో చెవికి పాకింది. ముందు రంపం మిషను ఆగింది, తర్వాత చిత్రిక మిషను ఆగింది, చివరికి పొట్టు లాగే పెద్ద ఫ్యాను కూడా ఎవరో ఆపేశారు. కువైట్‌లో, ఈ షువైఖ్ కార్ఖానాల పేటలో, పని వేళ మా షాపు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నేను పోయిన రోజు వీళ్ళు కనీసం ఆ ఫ్యానైనా ఆపుతారా అనిపించింది. అసూయకు వేళాపాళా ఉండదు. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషిని చూస్తే నాకు కడుపుమంట. ఇప్పుడు అక్కడెక్కడో కోనసీమలో, సొంత ఇంట్లో, సొంత మంచం మీద కన్నుమూసి కూడా ఇక్కడ నా కడుపు మండించాడు.

ఇక్కడ ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మాటమాటకీ 'ఆయ్' అంటాడని మా కడప, రాజంపేట వాళ్ళమంతా 'ఆయ్ మేస్త్రి' అనేవాళ్ళం. ఆ గోదావరి వాళ్ళకు ఆ ఒక్క మాట ఔననడానికీ పనికొస్తుంది, అలాగేననడానికీ పనికొస్తుంది, ఊరికే మర్యాదకీ పనికొస్తుంది. షాపు యజమాని అయిన మా కఫీల్, మేము పనికి పోయే ఇళ్ళ అరబ్బులు మాత్రం 'షాయిబ్' అనేవాళ్ళు, అంటే ముసలాయన. మొదటి రోజు నుంచే ఆయన ముసలాయన. నెరిసిన గడ్డం, ఉబ్బిన వేళ్ళ కణుపులు, నేల వైపు చూస్తూ నడక. షాపులోకి అలా తల వంచుకుని వస్తుంటే ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడనుకున్నాను. ఎక్కడికి పోయినా ముందు నేలనే చూస్తాడని తర్వాత తెలిసింది.

మా షాపులో చేసేది బయటి చెక్కపని. పెద్ద ఇళ్ళ ముందు పచ్చిక మీద వేసే పందిళ్ళు, ఊయల స్తంభాలు, కంచెలు, బల్లలు. పందిరి గుంజలు నిలబెట్టడానికి ఇళ్ళకు పోయేవాడే షాపులో పెద్ద. తక్కినవాళ్ళు పొట్టు పీలుస్తూ లోపలే ఉండాలి. బయటికి పోయినవాడికి అరబ్బుల ఇంటి చాయ్, ఖర్జూరం, ఆ ఇంటి ఆడమనిషి నోట రెండు మంచి మాటలు. ఆయన రాకముందు ఆ పని నాది.

నేను గుంజ నిలబెట్టే పద్ధతి అందరూ నిలబెట్టే పద్ధతే. ఇసుకలో గుంత తవ్వి, గుంజ దించి, చుట్టూ కాంక్రీటు పోసేయడం. మాది బోరు వేస్తే దుమ్ము లేచే ఊరు. తడి అంటే మాకు దేవుడు ఇవ్వాల్సిన వస్తువు, దాన్ని చూసి భయపడాలని మాకెవరూ నేర్పలేదు. పైగా కువైట్ ఎడారి. ఎడారిలో గుంజకు తడేమిటి? మా వైపు నుంచి వచ్చిన వడ్రంగులందరం అలానే అనుకున్నాం. అరబ్బు పచ్చిక బతకడానికి రోజూ రెండు పూటలా నీళ్ళు కొట్టిస్తాడనీ, సల్వా లాంటి చోట సముద్రం పక్కనే కాబట్టి కాస్త తవ్వితే ఉప్పుతడి తగులుతుందనీ, మేము పోసిన కాంక్రీటే గుంజ చుట్టూ గిన్నెలా ఆ నీటిని పట్టి ఉంచుతుందనీ మాకు తట్టలేదు. పైన గుంజ నిగనిగలాడుతూ ఉండేది. చీలమండ దగ్గర మాత్రం మెత్తబడేది. వేలితో నొక్కితే దిగేది. అప్పుడు ఎండకు చెక్క పాడైందని చెప్పి కొత్తది వేసేవాళ్ళం. కువైట్‌లో ఎండ మీద నేరం మోపితే కాదనేవాళ్ళు ఉండరు.

ఆయన మొదటిసారి నా పందిరిని సల్వాలో ఒక ఇంటి దగ్గర చూశాడు. పక్కనే ఇంకో పందిరి వేయాలని ఇద్దరినీ పంపారు. గేటు దాటగానే చెప్పులు విడిచి పచ్చిక మీదికి దిగాడు. ఒక్కో అడుగూ వేసి, ఆగి, మడమతో నొక్కి, మళ్ళీ ఇంకో అడుగు వేశాడు. పొలంలో గట్టు చూసుకుంటున్న రైతు కూడా అంత నింపాదిగా నడవడు. అలా నడుస్తూ నా గుంజ దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. అడుగున చూశాడు, వేలితో ముట్టుకోబోయి మానుకున్నాడు. లేచాడు. నేను చేతులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. నా పనిలో తప్పు పడితే ఇలా అనాలి, అలా అనాలి అని మనసులో మాటలు పేర్చుకున్నాను.

"ఆయ్. నేల చల్లగా ఉందండి" అన్నాడు. అంతే, చెప్పులేసుకున్నాడు.

అక్కడ మొదలైంది నా మంట. నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. ఆయన నన్ను పోటీగా చూడాలి. నా పని బాగుందని అనాలి, లేదా దండగ పనని అనాలి. ఒక మేస్త్రి ఇంకో మేస్త్రిని చూసినట్టు ఒక్కసారి నా వైపు చూడాలి. అది జరగలేదు. నా పందిరి పక్కన పోతున్నప్పుడల్లా గుంజ అడుగు వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకునేవాడు. ఎదుటివాళ్ళ బిడ్డ మొహంలో వంక కనిపిస్తే మర్యాద తెలిసినవాళ్ళు చూపు తిప్పుకుంటారే, అలాగ.

ఆ మర్యాదే నన్ను చంపింది. మా వైపు ఇద్దరికి పడకపోతే రేయ్ అంటే రేయ్ అనుకుంటాం, సాయంత్రానికి ఒక కంచంలో తింటాం. ఈయనతో అది కుదిరేది కాదు. నాకంటే ఎంతో పెద్దవాడు, నన్ను మీరు అనేవాడు, ప్రతి మాటకూ చివర అండి తగిలించేవాడు. అండి అనేవాడితో తగువు పెట్టుకోవడం ఎలాగో ఇప్పటికీ నాకు తెలియదు.

జిలీబ్‌లో మా గదిలో నా మంచం పక్క మంచమే ఆయనది. మూడో అంతస్తులో ఉండే గది అది. భూమిలోని తడి అంత పైకి ఎక్కాలంటే దానికి లిఫ్టు కావాలి. అయినా ఆయన పెట్టె రెండు చెక్కముక్కల మీదే ఉండేది. బియ్యం సంచి కింద రెండు చెక్కముక్కలు. చెప్పుల కింద పలక. మంచం కోళ్ళ కింద ఇంతింత మందాన బిళ్ళలు కోసి పెట్టుకున్నాడు. మా కుర్రవాళ్ళు ఏడిపించడానికి ఆ బిళ్ళలు లాగేసి మంచం నేలకు దించేవాళ్ళు. ఆయన కోప్పడేవాడు కాదు. బిళ్ళలు ఎక్కడ దాచారో వెతికి తెచ్చుకుని మళ్ళీ పెట్టుకునేవాడు. స్నానం చేసి వచ్చాక తుడుచుకోవడం మాత్రం చూసి తీరాలి. ఒళ్ళంతా ఒక్క విసురులో తుడుచుకుని, కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మంచం మీద తీరుబడిగా కూర్చుని, వేళ్ళ సందులన్నీ విడదీసి తుడుచుకునేవాడు. ఏంది మేస్త్రీ ఆ సోకు అని ఎవరో అడిగితే, మనిషికైనా గుంజకైనా ముందు పోయేది కాళ్ళేనండి అన్నాడు. చిన్నప్పుడు నెలల తరబడి నీళ్ళు నిలిచిన చేలల్లో దిగి పనిచేశాడట. వేళ్ళ సందులు పాసిపోయి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదట. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే చెప్పాడు.

ఇక ఆయన పని. గుంజను నేలలో దించేవాడు కాదు, నేలకు తగలనిచ్చేవాడే కాదు. పచ్చిక కంటే జానెడు ఎత్తున కాంక్రీటు దిమ్మె కట్టి, దాని పైభాగం నాలుగు వైపులా వాలుగా నున్నగా తీర్చేవాడు. దిమ్మె మీద బోల్టులతో పొట్టి ఇనుప కాలు బిగించి, ఆ కాలు మీద గుంజ నిలబెట్టేవాడు. దిమ్మెకూ గుంజకూ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ. ఆ ఇనుప కాలును ఆయన 'చెప్పు' అనేవాడు. గుంజకు చెప్పు తొడగందే పైన దూలం సంగతి ఎత్తనిచ్చేవాడు కాదు. గుంజ అడుగు కోసిన వైపు నూనె, మైనం కలిపి కాచి పట్టించేవాడు. తాగినంత తాగనిచ్చి, ఆరబెట్టి, మళ్ళీ పట్టించేవాడు. "కోసిన చోట నోరు తెరుచుకుని ఉంటాదండి. మనం నూనె తాగించకపోతే అది నీళ్ళు తాగేత్తాదండి" అనేవాడు. ఆ మాట ఎవరితో అంటున్నాడో చూస్తే ఎదురుగా ఎవరూ ఉండేవాళ్ళు కాదు. గుంజతోనే అనేవాడు.

ఇదంతా చూడ్డానికి నాకు మొదట్లో నవ్వొచ్చింది. పందిరి వేయమంటే గుంజలకు కాళ్ళు కడిగి పూజ చేస్తున్నాడని షాపులో అందరికీ చెప్పాను. ఒక రోజు నిజంగానే పూజ చేశాడు.

అది సల్వాలోని ఆ ఇంట్లోనే. కొత్త పందిరి పూర్తయింది. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఆయన జేబులోంచి అగరుబత్తి తీసి వెలిగించి, మొదటి గుంజ పాదం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరబ్బుల ఇంట్లో, పట్టపగలు, వాళ్ళ పచ్చిక మీద ఇదేం పని? పని పోతే ఇద్దరికీ పోతుంది. ఇంటావిడ అప్పుడే బయటికి వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళలాగే మేము కూడా ఆవిడను మామా అనేవాళ్ళం, అంటే అమ్మ అని. "షినూ హాదా?" అంది, ఇదేంటని.

ఆయన లేవలేదు, కంగారు పడలేదు. ఎదురుగాలి తగలకుండా తువ్వాలు అడ్డం పెట్టి, అగరుబత్తిని గుంజ కింది ఖాళీలో ఒక వైపు పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆవల వైపు చూపించాడు. "హవా మామా, హవా" అన్నాడు. హవా అంటే అరబ్బులకూ గాలే, హిందీ వాళ్ళకూ గాలే. ఆవిడ నల్ల అబాయా సర్దుకుని వంగి చూసింది. పొగ ఈ వైపు దూరి, గుంజ పాదం చుట్టూ తిరిగి, ఆ వైపు సన్నగా బయటికి వచ్చింది. గాలి ఆడుతోంది, తడి నిలవదు. ఆయన చూసుకుంటున్నది అదీ. ఒక గుంజ దగ్గర పొగ బయటికి రాక లోపలే సుడి తిరిగింది. కాంక్రీటు పెచ్చు ఒకటి అడ్డుపడిందని పుల్లతో గీరి తీసేసి, మళ్ళీ పట్టాడు. అప్పుడు వచ్చింది.

ఆవిడకు అది ఎంత ముచ్చటేసిందంటే, లోపలికి పోయి తన ధూపం పాత్ర తెచ్చింది. బుఖూర్ అని, అరబ్బులు ఇంటికి వేసుకునే ఖరీదైన సువాసన చెక్క. నీ పుల్ల కంటే ఇది మేలు, దీంతో చూడమంది. ఆయన ఆ పాత్రను ప్రతి గుంజ పాదం దగ్గరా పెట్టుకుంటూ పోతుంటే ఆవిడ వెంట నడిచింది. చివర ఆయన పేరు అడిగింది. ఆ ఇంటికి తలుపులు చేసింది నేను, ఊయల బిగించింది నేను, పాత పందిరి వేసింది నేను. నా పేరు ఎవరూ అడగలేదు. నిచ్చెన మోసుకుంటూ బండి దాకా వచ్చాను గానీ, దాన్ని అక్కడే విసిరికొట్టాలనిపించింది.

అప్పటినుంచి ఏ ఇంటికి పోయినా ఒకటే అడగడం, షాయిబ్ ఏడీ అని. సల్వా ఇంటి తోటమాలి బంగ్లాదేశ్ వాడు ఒక్కడే నా పక్షం. పని మీద అటు పోయినప్పుడల్లా, నీళ్ళు చిమ్మే గొట్టాల మూతులు గుంజల మీద పడకుండా ఈయన తిప్పి పోయేవాడు. ఈయన అటు పోగానే వాడు మళ్ళీ ఇటు తిప్పేవాడు. ఇద్దరూ కొన్నేళ్ళు ఒక్క మాట అనుకోకుండా ఆ గొట్టాలు తిప్పుకున్నారు. నాకు ఆ తోటమాలి మీద కూడా అసూయే. ఏదో ఒక విధంగా వాడైనా ఆయనతో పోరాడాడు.

నేనూ ఊరుకోలేదు. అతుకుల పనిలో నా చెయ్యి ఆయన కంటే సన్నం. ఇది గొప్పకు చెప్పడం లేదు, షాపులో ఎవరినైనా అడగండి. షర్క్‌లో చేపల మార్కెట్ దగ్గర ఒక చాయ్ దుకాణం ముంగిట పెద్ద పందిరి వేసే పని వచ్చింది. ఆయన ఇంకో చోట ఉండటంతో నాకు ఇచ్చారు. ఆయన పద్ధతి అంతా చేశాను. దిమ్మె, వాలు, ఇనుప కాలు, నూనె, మైనం, ఏదీ వదల్లేదు. ఆయన పందిళ్ళలో నాకు నచ్చనిది ఒకటుంది. ఆ ఇనుప కాళ్ళు బోసిగా కనపడతాయి. నేను గుంజ పాదం చుట్టూ సన్నటి పలకలతో పెట్టెలు చేసి, మూలలు మేకు కనపడకుండా అతికి, అంచుకు తీగ చెక్కి తొడిగాను. పాదాలకు కడియాలు పెట్టినట్టు వచ్చింది. చాయ్‌కి వచ్చినవాళ్ళు పందిరి పైకప్పు వదిలేసి పాదాలకు ఫొటోలు తీసుకున్నారు. కఫీల్ స్వయంగా వచ్చి భుజం తట్టాడు.

ఆ శుక్రవారం ఆయ్ మేస్త్రిని బతిమాలి తీసుకుపోయాను. ఆయన అన్ని గుంజల దగ్గరా కూర్చున్నాడు. అతుకుల మీద బొటనవేలు రాశాడు. "చాలా అందంగా ఉందండి. ఆయ్" అన్నాడు. ఆ అనడం ఎలాగంటే, ఎవరి పెళ్ళిలోనో ముత్తయిదువ చీర బాగుందన్నట్టు. తర్వాత మార్కెట్లోకి పోయి చేపలు బేరం చేశాడు. దారంతా చేపల గురించే మాట్లాడాడు.

కొద్ది రోజుల తర్వాత నేను ఒక్కడినే అటు పోయాను. నా పెట్టెలన్నిటికీ సముద్రం వైపు అడుగు పలకా, దానికి ఎదురు పలకా లేవు. పగలగొట్టింది కాదు, అతుకు చెడకుండా ఊడదీసింది. తీసిన పలకలు వంటగది వెనకాల, నేలకు తగలకుండా రెండు కర్రముక్కల మీద దొంతిగా పేర్చి ఉన్నాయి. ఆ కర్రముక్కలు చూడగానే ఎవరి పనో ఇంకొకరు చెప్పక్కర్లేదు. దుకాణం వాళ్ళు చేపల నీచు పోవడానికి రోజూ ముంగిలంతా పైపుతో కడుగుతారు. అప్పటిదాకా ఆ నీళ్ళు నా పెట్టెల్లోకి దూరి, బయటికి రాలేక, గుంజ పాదాల దగ్గరే నిలిచిపోయాయన్నమాట.

గదికి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను చెప్పులు కూడా విడవకుండా లోపలికి పోయాను.

"నాకు ఒక మాట చెప్పింటే ఏమైతాండె మేస్త్రీ? నీ పక్క మంచంలోనే గదా నేను పండుకునేది."

"గాలి ఆడట్లేదండి లోపల. మీతో చెప్పి, మీరు ఎల్లి, ఇప్పి... అంతసేపూ ఆ గుంజ తడిలో నిలబడాలి కదండి. అందుకని నేనే ఎల్లొచ్చేశానండి."

"తప్పు చేసినానని చెప్పు. తిట్టు. ఏదో ఒకటి అను."

ఆయన తువ్వాలు మడత పెట్టుకుంటూ నిజంగానే ఆలోచించాడు. "తిట్టడానికేముందండి, బాగానే చేశారు కదండి" అన్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నన్ను బాధ పెట్టకూడదని దాచాడంటే అర్థం చేసుకునేవాణ్ణి. చాటుగా నన్ను చిన్నబుచ్చాలనుకున్నాడంటే పండగ చేసుకునేవాణ్ణి. రెండూ కాదు. ఆయన బుర్రలో ఆ గుంజ ఉంది, దాని కింద నీళ్ళున్నాయి. ఆ రెంటి మధ్య నిలబడ్డానని నేననుకుంటున్నాను గానీ, అక్కడ నేను లేనే లేను.

ఆయన వెళ్ళిపోయిన రోజు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఇక పొడిగించడం లేదు, ఖలాస్, ఇంటికి పోతున్నానన్నాడు. మేమెవరమూ నమ్మలేదు గానీ పెట్టె కట్టాడు. తన పనిముట్లు పంచి పెట్టాడు. చిత్రిక ఒకరికి, ఉలులు ఇద్దరికి, మూలమట్టం ఇంకొకరికి. ఎవరికి ఏది పనికొస్తుందో చూసి చేతిలో పెట్టాడు. నేను తలుపు దగ్గర ఏదో సర్దుతున్నట్టు నిలబడి చూస్తున్నాను. నా వంతు వచ్చేసరికి సంచి ఖాళీ అయింది. "మీకన్నీ ఉన్నాయి కదండి" అన్నాడు.

ఆ మాటను నేను ఎన్ని రకాలుగా తిప్పి చూశానో చెప్పలేను. నీకు నా పనిముట్టు అక్కర్లేదు, నువ్వూ నాలాంటి మేస్త్రివే అన్నాడా? లేక నా దగ్గర నిజంగానే అన్నీ ఉన్నాయి కాబట్టి ఉన్నాయన్నాడా? చిత్రిక పడుతూ తలుచుకున్నాను, బస్సులో తలుచుకున్నాను. మంచి అర్థం తోచిన రోజు పని బాగా సాగేది. రెండో అర్థం తోచిన రోజు ఎవరో ఒకరి మీద అరిచేవాణ్ణి.

ఆయన ఊరికి పోయాక బయటి పని మళ్ళీ నాదయింది. కోరుకున్నది దొరికింది కదా అనుకుంటారు. ఏ ఇంటి ముందు పందిరి నిలబెట్టినా ఆఖర్న ఆ ఇంటి మామా బయటికి వచ్చి, పొగ ఏదీ అని అడుగుతుంది. ఒకరి ఇంట్లో చూసి ఇంకొకరు నేర్చుకున్నారు. అగరుబత్తి వెలిగించి నా గుంజ పాదం దగ్గర నేను మోకాళ్ళ మీద కూర్చుంటాను. పొగ ఆ వైపు చక్కగా వస్తుంది. షాయిబ్ పని జేన్ అంటారు, బాగుందని. పని నాది, మెప్పు ఊరు వెళ్ళిపోయిన ఆయనది.

అలాంటి మనిషి పోయాడు. మిషన్లు మళ్ళీ నడిచాక, వాళ్ళావిడకు ఒకసారి ఫోను చేసి పలకరించాలని షాపులో అందరూ అన్నారు. తెలుగువాళ్ళలో పెద్ద నేనే. ఆయన పక్క మంచం కూడా నాదే. సాయంత్రం పని దిగాక గదికి వచ్చి చేశాను.

ఆమె ఏడుపు ఆపుకుంటూనే మర్యాదగా మాట్లాడింది. నాలుగు రోజుల జ్వరమట, పెద్దగా బాధపడలేదట. కువైట్ నుంచి అనేసరికి ఆమె గొంతు కాస్త తేరుకుంది. సల్వా మామా ఎలా ఉన్నారండి అని అడిగింది. ఆవిడ ధూపం పాత్ర తెచ్చి ఇచ్చిన సంగతి ఆమెకు తెలుసు. గొట్టాలు తిప్పే బంగ్లాదేశ్ తోటమాలి తెలుసు, వాణ్ణి తలుచుకుని ఏడుపులోనే నవ్వింది కూడా. షర్క్‌లో చేపలెలా ఉంటాయో తెలుసు. మా షాపులో తిరిగే గుడ్డి పిల్లి కూడా తెలుసు. నేను నా వంతు కోసం ఎదురుచూస్తున్నాను.

"మీరెవరో పోల్చుకోలేకపోతున్నానండి, ఏమనుకోకండి" అంది.

రాజంపేట వాణ్ణి అక్కా, తలుపుల పని బాగా చేసేవాణ్ణి, ఆయన పక్క మంచమే నాది, షర్క్‌లో పందిరి వేసింది నేనే, అని ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయాను. ఆమె వింటోంది. "ఒకే గదిలో ఉండేవారా అండి" అంది. మళ్ళీ తనే, "చెప్పే ఉంటారండి, నాకే గుర్తులేదు" అంది. ఆమెకు పిల్లి గుర్తుంది.

అక్కడితో ఫోను పెట్టేసి ఉండాల్సింది. భర్త పోయిన మనిషిని అడగకూడని మాట అడిగాను. "మా ఇద్దరికీ పనిలో శానా పోటీ ఉండె అక్కా. ఎప్పుడన్నా ఆ మాట చెప్పినాడేమో అని."

"పోటీయా అండి" అంది ఆమె. ఆశ్చర్యమే తప్ప ఇంకేమీ లేదు ఆ గొంతులో. "ఈయనకి మనుషులతో పోటీ ఏంటండి. ఎప్పుడూ ఆ నేలలో తడితోటేనండి. ఇక్కడికొచ్చాక కూడా పొద్దున్నే లేచి పశువుల పాక రాటల చుట్టూ తిరిగేవారండి, రాత్రి ఎంత పైకెక్కిందో సూత్తానని. 'నాకు సరిజోడు అదొక్కటేనే. దాన్ని ఒక్కనాడూ పూర్తిగా గెలవలేదు' అనేవారండి."

ఆరోగ్యం జాగ్రత్త అక్కా అని చెప్పి ఫోను పెట్టేశాను. పక్క మంచం మీద ఇప్పుడు వేరే కుర్రవాడు ఉంటున్నాడు, అతను ఏమైందన్నా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. సరిజోడు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి రావాలని నేను ఆయన వెంట నిచ్చెన మోశాను, ఆయన పద్ధతి నేర్చుకున్నాను, ఆయన పక్కన పడుకుని నిద్రపట్టక దొర్లాను. అది పోయి పోయి పచ్చిక కింద చప్పుడు లేకుండా పడి ఉండే తడికి దక్కింది. ఆయన మీద నాకు ఇక అసూయ లేదు. ఉన్నదంతా దాని మీదే.